బ్లాక్ హోల్ పుట్టుకను కంప్యూటర్‌లో లెక్కించాలంటే ఏ దారి మేలు? నల్లగొండ, పాలమూరు ఫిజిక్స్ విద్యార్థులకు ఒక పోలిక

నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీలోనో, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేస్తూ ప్రాజెక్టుకు గురుత్వ పతనం (పదార్థం తన బరువుకు తానే కూలిపోవడం) తీసుకోవాలనుకునే విద్యార్థులు ముందుగా అడిగేది "ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి?" అని. సాఫ్ట్‌వేర్ పేరు చివర్లో తేల్చుకోవచ్చు, ముందు రెండు సంగతులు తేలాలి. మీరు తీసుకున్న పదార్థం అన్ని వైపుల నుంచీ ఒకేలా కూలుతోందా, లేక గిరగిరా తిరుగుతూ కూలుతోందా? బ్లాక్ హోల్ పుట్టే క్షణం దాకా చూస్తే మీ ప్రశ్నకు జవాబు వస్తుందా, లేక హొరైజన్ (కాంతి కూడా తిరిగి బయటికి రాలేని హద్దు) లోపలికి కూడా వెళ్లాలా? ఈ రెండింటికీ జవాబు రాసుకుంటే ఎంపికల్లో చాలా వరకు వాటంతట అవే పక్కకు పోతాయి.

నా అభిప్రాయం ముందే చెప్తాను. చేతిలో ఒక్క ల్యాప్‌టాప్, ఆరు నెలల సమయం ఉన్న విద్యార్థి కాలం, వ్యాసార్థం అనే రెండింటితోనే నడిచే గోళాకార లెక్క తీసుకోవాలి. త్రీడీ చేయలేక సరిపెట్టుకునే లెక్క కాదిది. ఈ రంగంలో చాలా గొప్ప ఆవిష్కరణ ఒకటి సరిగ్గా ఇలాంటి లెక్కలోనే బయటపడింది. 1993లో మాథ్యూ చాప్టుయిక్ బరువులేని స్కేలార్ ఫీల్డ్‌ను (ప్రతి బిందువు దగ్గర ఒక్క సంఖ్యతో చెప్పగలిగే క్షేత్రాన్ని) గోళాకారంగా కూల్చి చూసి, బ్లాక్ హోల్ పుట్టడానికీ పుట్టకపోవడానికీ మధ్యనున్న గీత దగ్గర ఎవరూ ఊహించని క్రమం ఉందని చూపాడు. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

కోడ్ రాయకముందు: ధూళి గోళం

ఏ దారి పట్టినా మొదటి వారం దీనికే ఇవ్వండి. పీడనం లేని, అంతటా ఒకే సాంద్రత ఉన్న ధూళి గోళం తన బరువుకు తాను కూలితే ఏమవుతుందో 1939లో ఓపెన్‌హైమర్, స్నైడర్ లెక్కగట్టారు. అంతకు ఏడాది ముందే, 1938లో, కలకత్తాకు చెందిన బి. దత్ ధూళి పతనానికి ఇంకా విశాలమైన పరిష్కారాలను ప్రచురించాడు. ఇందులో పాక్షిక అవకలన సమీకరణాలు పరిష్కరించే పని లేదు. సూత్రం ఉంది, పైథాన్‌లో గ్రాఫ్ గీస్తే చాలు. అందుకే దీన్ని ప్రాజెక్టు మొత్తంగా కాకుండా, మీ కోడ్‌ను సరిచూసుకునే కొలబద్దగా ఎంచుకోవాలి.

ఒక సూర్యుడి ద్రవ్యరాశిని తీసుకుందాం. జీ (గురుత్వ స్థిరాంకం), సీ (కాంతి వేగం) రెండూ ఒకటి అనుకునే యూనిట్లలో ఆ ద్రవ్యరాశి ఎం అంటే దూరంలో 1.477 కిలోమీటర్లు, కాలంలో 4.925 మైక్రోసెకన్లు. గోళాన్ని 10ఎం వ్యాసార్థం దగ్గర, అంటే సుమారు 14.8 కిలోమీటర్ల దగ్గర, కదలకుండా పట్టుకుని వదిలామనుకోండి. ధూళితోపాటు పడిపోతున్న గడియారం ప్రకారం 35.12ఎం తర్వాత, అంటే దాదాపు 173 మైక్రోసెకన్లకు, మొత్తం సింగులారిటీలో, అంటే సాంద్రత అనంతమయ్యే చోట, కలిసిపోతుంది. ఉపరితలం 2ఎం వ్యాసార్థాన్ని దాటేది 33.70ఎం దగ్గర, అంటే 166 మైక్రోసెకన్లకు. హొరైజన్ దాటాక మిగిలే సమయం ఏడు మైక్రోసెకన్లే.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఈవెంట్ హొరైజన్, అంటే కాంతి ఎప్పటికీ బయటపడలేని అసలు హద్దు, పుట్టేది ఉపరితలం దగ్గర కాదు. గోళం నట్టనడుమ, 30.57ఎం దగ్గర, అంటే దాదాపు 151 మైక్రోసెకన్లకు అది చుక్కలా మొదలై, కాంతి వేగంతో బయటికి పెరిగి, ఉపరితలాన్ని సరిగ్గా 2ఎం దగ్గర కలుస్తుంది. ఆ 151వ మైక్రోసెకనులో కేంద్రం దగ్గర ఏ పరికరం పెట్టి కొలిచినా కొత్తగా ఏమీ కనిపించదు. దేవరకొండ నుంచి చివరి బస్సు అందుకోవడానికి ఊళ్లో ఆలస్యంగా బయలుదేరిన మనిషికి, అడుగు బయటపెట్టిన క్షణంలో బస్సు తప్పిందని తెలియనట్టే, ఆ క్షణంలో బయలుదేరిన కాంతికి ఇక బయటపడలేనన్న ఆనవాలు దగ్గర్లో ఎక్కడా ఉండదు. అందువల్ల ఏ కోడ్ అయినా నడుస్తూ నడుస్తూ ఈవెంట్ హొరైజన్‌ను పట్టుకోలేదు. లెక్క మొత్తం అయ్యాక కాంతి కిరణాలను వెనక్కి నడిపించి వెతకాల్సిందే. నడుస్తుండగా పట్టుకోగలిగేది అపారెంట్ హొరైజన్, అంటే ఆ క్షణంలో బయటి వైపు వదిలిన కాంతి కూడా విస్తరించలేని ఉపరితలం. అది ఆ క్షణపు జ్యామితి నుంచే తెలుస్తుంది. ధూళి గోళంలో అది ఉపరితలం దగ్గర మొదలై లోపలికి నడుస్తుంది, అంటే ఈవెంట్ హొరైజన్‌కు ఎదురు దిశలో. ఈ తేడా మనసుకెక్కనివాళ్లకు తమ కోడ్ చూపిస్తున్నది ఏమిటో తెలియదు. వైవాలో కూడా మొదటి ప్రశ్న దీనిమీదే వస్తుంది.

ఇంకొక్క మాట. దూరంగా నిలబడిన మనిషి గడియారాన్ని కాలంగా తీసుకుంటే, ఇదే ఉపరితలం 2ఎం దగ్గరకు వస్తూనే ఉంటుంది, ఎప్పటికీ దాటదు. పతనం ఒకటే, కాలాన్ని ముక్కలుగా కోసిన తీరు వేరు. కింది ఎంపికల్లో చాలా వాటి మధ్య అసలు తేడా ఈ కోత తీరే.

స్కేలార్ ఫీల్డ్: మూడు రకాల కోతలు

విద్యార్థి సొంతంగా కోడ్ రాయగలిగే సమస్యల్లో బరువులేని స్కేలార్ ఫీల్డ్ అన్నింటికంటే మంచిది. ద్రవాల్లో వచ్చే షాక్‌లు లేవు, నక్షత్రం అంచు లేదు, స్థితి సమీకరణం (పీడనానికీ సాంద్రతకూ ఉన్న సంబంధం) కోసం వెతకాల్సిన పని లేదు. గోళాకారపు అలను ఒకదాన్ని లోపలికి పంపుతారు. దాని ఎత్తు పీ అనుకోండి. పీ చిన్నదైతే అల కేంద్రం దాకా వెళ్లి, దాటి, చెదిరిపోతుంది. పెద్దదైతే బ్లాక్ హోల్ మిగులుతుంది. ఈ రెండింటి మధ్య సరిగ్గా ఒక విలువ ఉంటుంది. ఆ విలువకు కాస్త పైన పుట్టే బ్లాక్ హోల్ ద్రవ్యరాశి, ఆ విలువ నుంచి పీ ఎంత దూరంలో ఉందో దాని 0.374వ ఘాతానికి అనుపాతంలో ఉంటుంది. అల మొదటి ఆకారం ఏదైనా ఆ 0.374 మారదు. గీత దగ్గరకు వెళ్లేకొద్దీ ఫీల్డ్ తన ఆకారాన్నే దాదాపు 31 రెట్లు చిన్నగా మళ్లీ మళ్లీ గీసుకుంటుంది. ఆ పునరావృతి సంఖ్య 3.44, లాగరిథమ్ స్కేలులో. ఇంత అందమైన ఫలితాన్ని సొంత ల్యాప్‌టాప్ మీద మళ్లీ రాబట్టగలగడం ఎమ్మెస్సీ విద్యార్థికి దొరికే అరుదైన అవకాశం అని నేను గట్టిగా నమ్ముతాను.

మొదటి దారి పోలార్ ఏరియల్ నిర్దేశాంకాలు. చాప్టుయిక్ వాడినవి ఇవే. వ్యాసార్థాన్ని గోళం వైశాల్యం నుంచే తీసుకుంటారు. కాలంలో ముందుకు నడపాల్సినవి ఫీల్డ్‌కు చెందిన రెండు ప్రమేయాలే. మెట్రిక్‌లోని (స్పేస్‌టైమ్‌లో దూరాలను, కాలాన్ని కొలిచే సూత్రంలోని) రెండు ప్రమేయాలను ప్రతి అడుగులో కేంద్రం నుంచి బయటికి ఇంటిగ్రేట్ చేసుకుంటూ వెళ్తే వచ్చేస్తాయి. అర్థం చేసుకోవడానికి దీనికంటే సులువైన దారి లేదు. లోటు ఏమిటంటే ఈ కోత హొరైజన్‌ను దాటదు. 2ఎం/ఆర్ (ఆర్ వ్యాసార్థం, ఎం దాని లోపలి ద్రవ్యరాశి) విలువ ఒకటికి దగ్గరవుతూ ఉంటుంది, ల్యాప్స్ (ఒక్కో అడుగులో అక్కడి గడియారం ఎంత నడుస్తుందో చెప్పే సంఖ్య) సున్నాకు పడిపోతుంది, గ్రాఫ్ ఒక చోట గోడలా నిలుచుంటుంది. 0.99 దాటగానే బ్లాక్ హోల్ పుట్టిందని ప్రకటించి, అక్కడి ద్రవ్యరాశి చదువుకుని ఆపేస్తారు. ద్రవ్యరాశి సూత్రం కావాల్సినవాళ్లకు ఇది సరిపోతుంది.

ఈ దారిలో కష్టపెట్టేది కేంద్రం. ఆర్ సున్నా దగ్గర భాగహారాలు పేలిపోతాయి. ఆర్ స్క్వేర్‌తో భాగించి అవకలనం చేసే పదాన్ని, ఆర్ క్యూబ్ మీద అవకలనంగా మార్చి రాస్తే ఆ గొడవ చాలా వరకు పోతుంది. దానికి కాస్త క్రెయిస్–ఓలిగర్ డిసిపేషన్ (గ్రిడ్ స్థాయి అలజడిని అణచే పదం) కలపండి. బయటి అంచు అల తిరిగి రానంత దూరంలో ఉండాలి.

రెండో దారి కాంతి కిరణాల వెంట కోసే నల్ నిర్దేశాంకాలు. 1995లో డేవిడ్ గార్ఫింకిల్ చూపిన పద్ధతి ఇది. గ్రిడ్ బిందువులు కాంతితోపాటు లోపలికి పడుతూ, కేంద్రం చేరినవి లెక్క నుంచి తప్పుకుంటాయి. సగం తప్పుకున్నాక, మిగిలిన వాటి మధ్య కొత్త బిందువులను ఇంటర్‌పొలేట్ చేసి నింపుతారు. దాంతో పతనం చిన్న చోటులోకి కుదించుకుపోయే కొద్దీ రిజల్యూషన్ దానంతట అదే పెరుగుతుంది. పునరావృతులు చూడటమే మీ లక్ష్యమైతే ఈ దారే తీసుకోండి. కారణం అంకెల్లో చెప్తాను. ఒక్కో పునరావృతికి 31 రెట్లు సన్నని గ్రిడ్ కావాలి. మూడు చూడాలంటే దాదాపు 30,000 రెట్లు. ఒకే దూరంలో బిందువులు పరిచిన గ్రిడ్‌తో అది జరిగే పని కాదు. పోలార్ దారిలోనే ఉండి మూడు చూడాలంటే గ్రిడ్‌ను అవసరమైన చోట మాత్రమే సన్నం చేసే అడాప్టివ్ పద్ధతి రాయాలి. చాప్టుయిక్ అదే రాశాడు కానీ, మొదటిసారి రాసేవాళ్లకు ఒక సెమిస్టర్ మొత్తం దానికే పోతుంది. నల్ పద్ధతిలో ఆ బరువు లేదు.

ఇంకో పరిమితి కంప్యూటర్ అంకెలది. బ్లాక్ హోల్ ఇచ్చే పీకి, ఇవ్వని పీకి మధ్య దూరాన్ని ప్రతిసారీ సగం చేస్తూ గీతకు దగ్గరవుతారు కదా. దాదాపు 50 సార్లు సగం చేసేసరికి డబుల్ ప్రెసిషన్ (కంప్యూటర్ మామూలుగా వాడే అంకెల) ఖచ్చితత్వం అయిపోతుంది. ఒక్క పూర్తి పునరావృతి చూడటానికి గీతకు సుమారు 10,000 రెట్లు దగ్గరవ్వాలి. అంటే మామూలు అంకెలతో మూడు, మహా అయితే నాలుగు పునరావృతులు. అంతకంటే కావాలని పట్టుబట్టకండి.

మూడో దారి గోళాకార బీఎస్‌ఎస్‌ఎన్. త్రీడీ కోడ్‌లలో వాడే ఐన్‌స్టీన్ సమీకరణాల రూపమే ఇది, వ్యాసార్థానికి మాత్రమే కుదించినది. 1+లాగ్ స్లైసింగ్, గామా డ్రైవర్ అనే ఎంపికలతో (కాలపు కోతను, నిర్దేశాంకాలను ఎలా నడపాలో చెప్పే నియమాలతో) నడిపితే హొరైజన్ పుట్టిన తర్వాత కూడా లెక్క ఆగదు. అపారెంట్ హొరైజన్ పెరగడం, మిగిలిన ఫీల్డ్ లోపలికి పడటం, చివరికి అంతా నెమ్మదించడం చూడొచ్చు. బోధన కోసమే పైథాన్‌లో రాసి, అందరికీ ఉచితంగా ఇచ్చిన ఎంగ్రనాజ్ అనే కోడ్ ఉంది. నోట్‌బుక్‌లలో ఒక్కో మెట్టు నడిపి చూడొచ్చు. సింబాలిక్ సమీకరణాల నుంచి సీ కోడ్ తయారు చేసే ఎన్‌ఆర్‌పై అనే పైథాన్ పరికరంలోనూ స్కేలార్ ఫీల్డ్ పతనానికి పూర్తి పాఠం ఉంది. తర్వాత పీహెచ్‌డీకి వెళ్లి త్రీడీ చేయాలనుకునేవాళ్లకు ఈ దారి మేలు. ఇక్కడ నేర్చిన గేజ్ (నిర్దేశాంకాల ఎంపిక), కన్‌స్ట్రెయింట్ (ప్రతి క్షణం నిలవాల్సిన సమీకరణాలు), కన్వర్జెన్స్ (గ్రిడ్ సన్నబడేకొద్దీ జవాబు స్థిరపడటం) అన్నీ అక్కడ అలాగే పనికొస్తాయి. వేరేవాళ్ల కోడ్ నడిపి బొమ్మలు తెచ్చుకోవడంతో ఆగితే మాత్రం ఉపయోగం తక్కువ. అందులో కనీసం ఒక్క భాగం, ఉదాహరణకు ఫీల్డ్‌కు ద్రవ్యరాశి కలపడం, మీరు మార్చి రాయాలి.

మూడింటిలో నన్ను ఒకటే చెప్పమంటే పోలార్‌తో మొదలుపెట్టి, సమయం మిగిలితే నల్‌కు వెళ్లమంటాను. ఒకే భౌతికశాస్త్రాన్ని రెండు కోతల్లో లెక్కించి అదే 0.374 రాబడితే, అది ఏ త్రీడీ వీడియో కంటే బలమైన రిపోర్టు.

నిజమైన నక్షత్రం కావాలంటే

ఫీల్డ్ వద్దు, నక్షత్రమే కూలాలి అంటే అక్కడా రెండు స్థాయిలున్నాయి. తేలికైనది పాలిట్రోప్. పీడనాన్ని సాంద్రత వర్గానికి అనుపాతంగా తీసుకుని, టీఓవీ సమీకరణాలు (సాపేక్షతలో నక్షత్ర సమతుల్యాన్ని చెప్పేవి) పరిష్కరిస్తే సమతుల్యంలో ఉన్న న్యూట్రాన్ నక్షత్రం వస్తుంది. పరీక్షలకు అందరూ వాడే స్థిరాంకం 100తో గరిష్ఠ ద్రవ్యరాశి 1.64 సూర్యుల దగ్గర ఆగుతుంది. ఆ శిఖరానికి అవతల, ఎక్కువ సాంద్రత వైపు ఉన్న నక్షత్రం అస్థిరం. దాన్ని వదిలేస్తే కూలుతుందని అనుకుంటాం కానీ, గ్రిడ్ వల్ల వచ్చే చిన్న దోషమే దాన్ని వ్యాకోచం వైపు నెట్టి, స్థిర నక్షత్రంగా మార్చేయవచ్చు. బ్లాక్ హోల్ కావాలంటే పీడనాన్ని కొద్దిగా తగ్గించి మీరే తోయాలి. ఎంత తోశారో రిపోర్టులో తప్పకుండా రాయండి.

బరువైనది భారీ నక్షత్రపు కోర్ పతనం. దీనికి ఓకానర్, ఆట్ 2010లో విడుదల చేసిన జీఆర్1డీ అనే ఓపెన్ కోడ్ ఉంది. గోళాకారమే, కానీ అణు పదార్థపు స్థితి సమీకరణాల పట్టికలు, నక్షత్ర పరిణామ నమూనాలు వాడుతుంది. కోర్ కూలి, బౌన్స్ అయి, షాక్ ఆగిపోయి, పైనుంచి పదార్థం పడుతూ పడుతూ చివరికి ప్రోటో న్యూట్రాన్ నక్షత్రం (అప్పుడే పుట్టిన న్యూట్రాన్ నక్షత్రం) బ్లాక్ హోల్‌గా కూలే కథంతా ఇందులో నడుస్తుంది. ఇదీ పోలార్ కోతే, కాబట్టి బ్లాక్ హోల్ పుట్టే చోట ఆగుతుంది. ఫోర్ట్రాన్‌లో ఉంటుంది, పట్టికల ఫైళ్లు పెద్దవి. అణు భౌతికశాస్త్రం మీద ఆసక్తి ఉన్నవాళ్లకు నా మొదటి సిఫార్సు ఇదే. వక్ర స్పేస్‌టైమ్ జ్యామితి మీద ప్రేమతో వచ్చినవాళ్లు మాత్రం పట్టికల మధ్య అసలు విషయం మరిచిపోతారు. వాళ్లకు స్కేలార్ ఫీల్డే తగినది.

త్రీడీ ఎప్పుడు?

గోళాకార పతనం గురుత్వ తరంగాలు పుట్టించదు. గోళం బయట ఎప్పుడూ అదే ష్వార్జ్‌షీల్డ్ జ్యామితి ఉంటుందని బర్కాఫ్ సిద్ధాంతం చెప్తుంది. కాబట్టి తరంగాలు, భ్రమణం, రెండు వస్తువుల ఢీ, వీటిలో ఏదైనా మీ ప్రశ్నలో ఉంటేనే త్రీడీకి వెళ్లాలి. ఉంటే ఐన్‌స్టీన్ టూల్‌కిట్, జీఆర్‌చోంబో అనే రెండు ఓపెన్ కోడ్‌లు ముందుకొస్తాయి. ద్రవాలతో కూడిన నక్షత్రాలకు మొదటిది, స్కేలార్ ఫీల్డ్‌లకు రెండోది నాకు నచ్చుతాయి.

ఖర్చు ముందే లెక్కేసుకోండి. బీఎస్‌ఎస్‌ఎన్‌లో గేజ్‌తో కలిపి ఒక్కో బిందువు దగ్గర 24 సంఖ్యలుంటాయి. ప్రతి దిశలో 200 చొప్పున తీసుకుంటే 80 లక్షల బిందువులు. ఒక్క ప్రతికే దాదాపు 1.5 జీబీ. కాలంలో అడుగు వేయడానికి నాలుగు ప్రతులు ఉంచుకుంటే 6 జీబీ, అంటే 8 జీబీ ల్యాప్‌టాప్ అక్కడికే నిండింది. పైగా రిజల్యూషన్ రెట్టింపు చేస్తే మెమరీ 8 రెట్లు, సమయం 16 రెట్లు. వ్యాసార్థం ఒక్కటే ఉన్న లెక్కలో అదే రెట్టింపుకు మెమరీ 2 రెట్లు, సమయం 4 రెట్లు. కన్వర్జెన్స్ చూపడానికి మూడు రిజల్యూషన్లలో నడపాలి కాబట్టి ఈ తేడాయే ప్రాజెక్టు పూర్తవుతుందో లేదో తేలుస్తుంది. ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ లాంటి సూపర్‌కంప్యూటర్ మీద మీ గైడ్ సమయం ఇప్పించగలిగితే త్రీడీ గురించి ఆలోచించండి. లేకపోతే టూల్‌కిట్‌తో వచ్చే టీఓవీ నక్షత్రం ఉదాహరణను తక్కువ రిజల్యూషన్‌లో నడిపి చూసి, ఆ అనుభవం దాచుకోండి.

అక్షం చుట్టూ సమానంగా ఉండే టూడీ లెక్క మధ్యేమార్గంలా కనిపిస్తుంది. అక్షం మీద వచ్చే సమస్యలు కేంద్రం దగ్గరి సమస్యల కంటే మొండివి. అనుభవం ఉన్న గైడ్ పక్కన లేకుండా వద్దు.

మెషిన్, ఎండ, కరెంటు

ప్రాజెక్టు రిపోర్టులు పూర్తి చేసే రోజులు మనకు సరిగ్గా ఎండాకాలం. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ, మిర్యాలగూడ గదుల్లో ల్యాప్‌టాప్ గంటలకొద్దీ పూర్తి లోడ్ మీద ఉంటే వేడెక్కి, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కరెంటు పోతే అప్పటిదాకా చేసిన లెక్క పోతుంది. గోళాకార లెక్కలో ఒక్కో రన్ నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి ఈ టెన్షన్ తక్కువ. అయినా పీ కోసం వెతికే 50 రన్‌లను ఒకే స్క్రిప్టులో పెట్టి, ఒక్కో ఫలితం రాగానే ఫైల్‌లో రాసేలా చేయండి. గూగుల్ కోలాబ్ వాడొచ్చు, కానీ మధ్యలో సెషన్ తెగిపోతుంది కనుక అక్కడా ఇదే జాగ్రత్త. విండోస్ మెషిన్ అయితే డబ్ల్యూఎస్‌ఎల్‌లో లినక్స్ వేసుకోండి. పైథాన్ లూపులు నెమ్మదిగా ఉంటే నంబా (పైథాన్‌ను మెషిన్ కోడ్‌గా మార్చే లైబ్రరీ) వాడితే వేగం బాగా పెరుగుతుంది. కోడ్‌లు, పట్టికలు, టూల్‌కిట్ లాంటివి ఫోన్ హాట్‌స్పాట్ మీద కాకుండా క్యాంపస్ నెట్ ఉన్నప్పుడే దింపుకోండి.

సైద్ధాంతిక భౌతికశాస్త్రం వైపు మనసున్నవాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. మామూలు స్కేలార్ ఫీల్డ్ కోడ్ పూర్తయ్యాక, అదే కోడ్‌ను యాంటీ డిసిట్టర్ స్పేస్‌టైమ్‌లోకి మార్చడం. అక్కడ అంచు అద్దంలా పనిచేస్తుంది, చెదిరిన అల తిరిగొస్తుంది. 2011లో బిజోన్, రోస్ట్‌వొరోవ్‌స్కీ చూపింది ఏమిటంటే, మొదటిసారి కూలనంత చిన్న అల కూడా పదేపదే తిరిగొచ్చి, పదునెక్కి, చివరికి బ్లాక్ హోల్ అవుతుందని. ఎన్నో తిరుగుళ్ల పాటు దోషం పేరుకోకుండా చూడాలి కాబట్టి దీనికి నాలుగో ఆర్డర్ పద్ధతి అవసరం.

ఏ దారి తీసుకున్నా, గైడ్ ముందు పెట్టే మొదటి గ్రాఫ్ కూలుతున్న అల బొమ్మ కాకూడదు. ఒక్కోసారి రెట్టింపు చేస్తూ పోయిన మూడు రిజల్యూషన్లలో వచ్చిన ఫలితాల మధ్య తేడాలు, రెండో ఆర్డర్ పద్ధతికి నాలుగు రెట్ల చొప్పున తగ్గుతున్నాయని చూపే గ్రాఫ్ అయి ఉండాలి. గీతకు దగ్గరయ్యేకొద్దీ ఆ నాలుగు ఎక్కడ చెదురుతుందో అక్కడితో మీ డేటాను ఆపేయండి. 0.374ను మిగిలిన బిందువుల నుంచే తీయండి.